పాస్‌పోర్టులో ఉన్న తేదీ

2025 ఆగస్టు 4, సోమవారం ఉదయం 9:40కి రత్నకుమారి ఆరోగ్య బీమా దరఖాస్తును కంపెనీ పక్కన పెట్టింది. ఆ సంగతి కంపెనీ ఉద్యోగి ఫోన్ చేసి చెప్పింది. పాత కంపెనీ పంపిన సర్టిఫికెట్‌లో ఉన్న రత్నకుమారి 1955 నవంబరు 29న పుట్టింది. కొత్త పాలసీకి దరఖాస్తు పెట్టిన రత్నకుమారి 1957 జులై 1న పుట్టింది. కాబట్టి ఇద్దరూ ఒకరు కారు.

ఫోన్ తీసింది ఆమె భర్త జనార్దనరావు. స్పీకర్ ఆన్‌లో ఉంది. రత్నకుమారి సోఫాలో ఎడమ మోకాలి కింద దిండు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎవరు ఒకరు కారట?" అని అడిగింది.

"నువ్వు. నువ్వు నువ్వు కాదట," అన్నాడు జనార్దనరావు.

"మరి ఈ నొప్పి ఎవరిది?"

ఫోన్‌లో ఉన్న అమ్మాయికి తెలుగు రాదు. సెప్టెంబరు 6 లోపల ఇది తేలకపోతే పాత పాలసీలో గడిపిన కాలం లెక్కలోకి రాదని, అప్పుడు మోకాలి ఆపరేషన్‌కు పన్నెండు నెలలు ఆగాలని చెప్పింది. ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది. జనార్దనరావు వద్దన్నాడు.

ఇల్లు సిడ్నీలో, ద పాండ్స్ అనే పేటలో. కొడుకు భానుప్రసాద్ ఒక బ్యాంకులో పనిచేస్తాడు. కోడలు శ్రీలేఖది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మనవరాలు అనన్యకు పద్నాలుగేళ్ళు. జనార్దనరావు ఏలూరులో ఇరిగేషన్ ఆఫీసు సూపరింటెండెంటుగా, రత్నకుమారి మునిసిపల్ హైస్కూల్లో సోషల్ టీచరుగా రిటైరయ్యారు. 2018లో ఇక్కడికి వచ్చి, తల్లిదండ్రులకిచ్చే శాశ్వత వీసాకు దరఖాస్తు పెట్టారు. అది రావడానికి ఏడేళ్ళు పట్టింది. ఆ ఏడేళ్ళూ వాళ్ళకు మెడికేర్ లేదు. మెడికేర్ అంటే ఇక్కడి ప్రభుత్వం పౌరులకూ శాశ్వత నివాసులకూ వైద్యం చేయించే పథకం. అది లేనివాళ్ళు సందర్శకుల బీమా కొనుక్కోవాలి. ఆఖరి పాలసీ 2023లో శ్రీలేఖ కొనిపెట్టింది.

ఈ ఏడాది మే నెలలో సర్జన్ ఎక్స్‌రే చూసి రత్నకుమారి ఎడమ మోకాలి కీలు మార్చాలన్నాడు. ప్రైవేటు ఆసుపత్రిలో సెప్టెంబరు 16 తేదీ ఇచ్చాడు. సందర్శకుల బీమాలో కీలు మార్పిడికి ఏడాది నిరీక్షణ ఉంది. ఆమె పాలసీకి అప్పటికే రెండేళ్ళు దాటాయి. ఆ పాలసీ ఉంటే ఖర్చు కంపెనీయే పెట్టుకునేది.

జులై 8న వీసా వచ్చింది. శ్రీలేఖ మైసూర్‌పాక్ తెచ్చింది. వీసా వచ్చిన రోజు నుంచి ఇద్దరూ మెడికేర్‌కు అర్హులు. మెడికేర్ ఉన్నవాళ్ళకు సందర్శకుల బీమా చెల్లదు. అంటే జులై 8తో ఆ పాలసీ ముగిసింది. వీసా ఇంకో మూడు నెలలు రాకపోయి ఉంటే సెప్టెంబరు 16న ఆపరేషన్ జరిగిపోయేది. ఈ సంగతి ఇంట్లో అందరికీ అర్థం కావడానికి పదకొండు రోజులు పట్టింది.

మెడికేర్‌తో ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకోవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు. వరస ఉంటుంది. ఎంత వరస అని జనార్దనరావు ఫ్యామిలీ డాక్టరును అడిగాడు. ఏడాది అనుకోండి, ఎక్కువే కావచ్చు, రాసిమ్మంటే మాత్రం ఎవరూ రాసివ్వరు అని డాక్టరు చెప్పాడు. మే నుంచి రత్నకుమారి మేడ మెట్లు ఎక్కడం లేదు. కింద భానుప్రసాద్ ఆఫీసు గదిలో మంచం వేశారు.

ప్రైవేటులో చేయించుకోవాలంటే మెడికేర్ పైన స్థానికుల బీమా కొనాలి. అందులో బంగారం, వెండి, కంచు, బేసిక్ అని నాలుగు తరగతులు. వెండికి ప్లస్ ఉంది. కంచుకూ ప్లస్ ఉంది. ఆసుపత్రి ఖర్చుకు ఒక పాలసీ, పళ్ళకూ కళ్ళజోడుకూ ఇంకో పాలసీ. జనార్దనరావు ఒక నోట్‌బుక్ తీసి గడులు గీశాడు. ముప్పై ఏళ్ళు కాలవల రిపోర్టులు రాసిన మనిషి. మూడో రోజుకు గడులు చాలక పక్కన కాగితం అతికించాడు.

"మోకాలి కీలు బంగారంలోనే ఉంది, రత్నం. వెండి ప్లస్‌లో కొన్ని కంపెనీల్లో ఉంది, కొన్నిట్లో లేదు. వెన్నెముక ఉంది, మోకాలు లేదు. ఎందుకో తెలీదు."

"బంగారంలో ఇంకేముంది?"

జనార్దనరావు వేలు పెట్టి చదివాడు. "కాన్పు."

"ఎవరికి?"

"పాలసీ ఉన్నవాళ్ళకి."

"ఉండనివ్వండి. తీసేయమంటే మళ్ళీ ఫోన్ చేయాలి," అంది రత్నకుమారి.

కొత్త కంపెనీ హెల్ప్‌లైన్‌కు జనార్దనరావు మూడుసార్లు ఫోన్ చేశాడు. మొదటి మనిషి, కొత్తగా చేరేవాళ్ళెవరైనా ముందు నుంచీ ఉన్న జబ్బుకు పన్నెండు నెలలు ఆగాల్సిందే అన్నాడు. రెండో మనిషి అలా కాదంది. పాత పాలసీ ముగిసిన అరవై రోజుల్లో చేరి, అక్కడి నుంచి క్లియరెన్స్ సర్టిఫికెట్ తెస్తే ఆ కాలం కలుపుతామంది. మూడో మనిషి, అది మీ పరిస్థితిని బట్టి ఉంటుందన్నాడు. మా పరిస్థితి ఏమిటని జనార్దనరావు అడిగాడు. అది మీరే చెప్పాలన్నాడు.

అరవై రోజులు సెప్టెంబరు 6తో ముగుస్తాయి. రెండో మనిషి మాట నిజమేనని భానుప్రసాద్ ఈమెయిల్ మీద రాయించుకున్నాడు. పాత కంపెనీ సందర్శకులకు తప్ప పాలసీలు అమ్మదు కాబట్టి అక్కడే ఉండిపోయే దారి లేదు. బంగారం తీసుకుని ఆగస్టు 1న దరఖాస్తు పెట్టారు. పాత కంపెనీ సర్టిఫికెట్‌ను నేరుగా కొత్త కంపెనీకి పంపింది. ఇంట్లో ఎవరూ దాన్ని చూడలేదు.

ఆగస్టు 4న ఫోన్ వచ్చిన గంటకు జనార్దనరావు చెరువు దగ్గరికి వెళ్ళాడు.

చెరువు చుట్టూ కాలిబాట ఉంది. వారం రోజుల్లో అయిదు రోజులు అక్కడ తొమ్మిది మంది తెలుగు పెద్దవాళ్ళు నడుస్తారు. మొదటి బెంచీ దగ్గర కలుసుకుంటారు. మే నుంచి రత్నకుమారి ఆ బెంచీ దాకానే వచ్చి కూర్చునేది, జులై చివర్లో అదీ మానేసింది. వీళ్ళలో ఒక్కొక్కరిది ఒక్కో వీసా. వీసా నంబరుతోనే ఒకరినొకరు గుర్తుపెట్టుకుంటారు. సుబ్బరాజుది 143, శాశ్వత వీసా. భీమవరం మనిషి. మూడేళ్ళ కింద మెడికేర్ వచ్చింది కాబట్టి అందరికీ సలహాలు ఇస్తాడు. శ్యామసుందరిది 870. అది తాత్కాలిక వీసా, ఆవిడకు మెడికేర్ ఎప్పటికీ రాదు. ఆవిడా సలహాలు ఇస్తుంది.

జనార్దనరావు జరిగింది చెప్పాడు. సుబ్బరాజు నడక ఆపాడు.

"ఆయ్, అర్థమైందండి రావుగారూ. మీకు ఇద్దరు భార్యలన్నమాట. ఒకావిడకి మోకాలు నొప్పి. ఇంకో ఆవిడకి ఇన్సూరెన్సు."

"నవ్వకండి రాజుగారూ. నెలే ఉంది."

"నవ్వట్లేదండి. పాస్‌పోర్టులో ఏ తేదీ ఉంది?"

"జులై ఒకటి."

"నాదీ జులై ఒకటే," అంది శ్యామసుందరి.

"నాదీనండి," అన్నాడు సుబ్బరాజు.

అక్కడున్న ఏడుగురిలో నలుగురిది జులై ఒకటి. నలుగురికీ ఆ తేదీ వేసింది వాళ్ళను ఒకటో తరగతిలో చేర్చుకున్న హెడ్మాస్టర్లు. బడులు వేరు, ఊళ్ళు వేరు.

"మరి నవంబరు తేదీ ఎక్కడిదండి?" అని అడిగాడు సుబ్బరాజు.

"అది అసలుది."

సుబ్బరాజు వెనక్కి చూశాడు. బాట మీద వేరే ఎవరూ లేరు. "అసలుది అనే మాట ఎక్కడా నోరు జారకండి. పాస్‌పోర్టులో ఉన్నది అసలుది కాదని ఇమిగ్రేషనోళ్ళు విన్నారనుకోండి, ఏడేళ్ళు ఆగి తెచ్చుకున్న వీసా ఏమవుద్దో నాకు తెలీదు."

"ఏమవుతుంది?"

"తెలీదంటున్నాను కదండి."

జనార్దనరావు రెండో బెంచీ దాకా వెళ్ళి తిరిగి వచ్చేశాడు.

నవంబరు తేదీ కంపెనీ రికార్డులోకి ఎలా వెళ్ళిందో ఆ సాయంత్రం తేలింది. పాత పాలసీ దరఖాస్తు కాపీ శ్రీలేఖ ఈమెయిల్‌లో దొరికింది. 2023 మార్చి 11, శనివారం మధ్యాహ్నం 3:26. ఈత క్లాసులో ఉన్న అనన్య కోసం కారు పార్కింగ్‌లో ఆగి ఆ ఫారం ఫోన్‌లో నింపింది. మావయ్య పుట్టిన తేదీకి భర్తకు మెసేజ్ పెట్టింది. అత్తయ్య తేదీ తన ఫోన్ క్యాలెండర్‌లోనే ఉంది. అదే కొట్టింది. తర్వాత రెండున్నరేళ్ళలో డాక్టర్ల దగ్గరా, ఎక్స్‌రే దగ్గరా కార్డు నంబరు చూశారే తప్ప ఎవరూ తేదీ సరిపోల్చలేదు.

శ్రీలేఖ ఫోన్‌ను టేబుల్ మీద పెట్టింది. క్యాలెండర్‌లో నవంబరు 29 దగ్గర "అత్తయ్య బర్త్‌డే, కేకు ఎగ్‌లెస్" అని ఉంది.

"సారీ అత్తయ్యా."

"నువ్వెందుకమ్మా సారీ," అంది రత్నకుమారి.

ఆ తేదీని కనిపెట్టింది అనన్య. ఎనిమిదేళ్ళప్పుడు స్కూల్లో కుటుంబ వృక్షం గీసుకు రమ్మన్నారు. నానమ్మ ఎప్పుడు పుట్టిందని అడిగింది. రత్నకుమారి తన తల్లి చెప్పిన మాట చెప్పింది. మన్మథ నామ సంవత్సరం, కార్తీక పౌర్ణమి, చంద్రగ్రహణం పట్టింది. గ్రహణం విడిచి అందరూ స్నానాలు చేస్తుంటే పుట్టింది. అనన్య ఇంటర్నెట్‌లో పాత గ్రహణాల పట్టిక చూసింది. 1955 నవంబరు 29న పాక్షిక చంద్రగ్రహణం, ఇండియాలో కనిపించింది. అరవై ఏళ్ళు దాటాక రత్నకుమారికి మొదటిసారి ఇంగ్లీషు క్యాలెండర్‌లో పుట్టినరోజు దొరికింది. ఆ ఏడాది నుంచి ఇంట్లో కేకు కోస్తున్నారు.

"బట్ దట్ ఈజ్ హర్ బర్త్‌డే," అంది అనన్య. "హౌ కెన్ ఇట్ బి రాంగ్? దేర్ వాజ్ ఆన్ ఎక్లిప్స్."

"తప్పు కాదురా. పేపర్స్‌లో లేదు, అంతే," అన్నాడు భానుప్రసాద్.

జులై ఒకటికీ కారణం ఉంది. రత్నకుమారిని బళ్ళో వేసేటప్పటికి ఏడో ఏడు దగ్గర పడింది. బడి కాలవ అవతల ఉండేది, వంతెన కట్టేదాకా పంపలేదు. హెడ్మాస్టరు ఒకటో తరగతికి అయిదేళ్ళు ఉండాలని అయిదేళ్ళు వేశాడు. ఆ తేదీతోనే టెన్త్ సర్టిఫికెట్ వచ్చింది. దాంతోనే ఉద్యోగం, దాంతోనే పాస్‌పోర్టు.

పాత కంపెనీకి భానుప్రసాద్ ఫోన్ చేశాడు. రికార్డులో తేదీ మార్చాలంటే రెండు స్టాట్యుటరీ డిక్లరేషన్లు కావాలన్నారు. ఇక్కడివాళ్ళు స్టాట్ డెక్ అంటారు. సాక్షి ముందు సంతకం పెట్టే ప్రమాణ పత్రం. ఫారం నింపినవాళ్ళది ఒకటి, పాలసీదారుది ఒకటి. తెలిసి అబద్ధం రాస్తే నేరం. ఆ మాట ఫారం మీదే అచ్చేసి ఉంది.

భానుప్రసాద్ రెండూ టైపు చేసి ప్రింట్ తెచ్చాడు. శ్రీలేఖది సులువు. పాస్‌పోర్టు చూడకుండా వేరే తేదీ కొట్టానని ఉంది. రత్నకుమారిదానిలో మూడు పాయింట్లు. మొదటిది పేరు. రెండోది, నేను 1957 జులై 1న పుట్టాను. మూడోది, పాత పాలసీలో ఉన్నదీ, ఈ పాస్‌పోర్టులో ఉన్నదీ నేనే.

రత్నకుమారి కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"రెండోది నేను రాయను," అంది.

"ఎందుకమ్మా?"

"నేను ఆ రోజు పుట్టలేదు."

జనార్దనరావు నోట్‌బుక్ మూశాడు. "ఇన్నాళ్ళూ పుట్టావుగా! రిటైర్మెంటుకు పుట్టావు. రెండేళ్ళు ఎక్కువ సర్వీసు చేసినప్పుడు ఆ తేదీ తప్పని డీఈవోకి అర్జీ పెట్టావా?"

"పెట్టలేదు."

"మరి?"

"అప్పుడు నా చేత ఎవరూ ప్రమాణం చేయించలేదండీ. హెడ్మాస్టరు రాశాడు. వాళ్ళు రాసుకున్నారు. నేను చదువు చెప్పుకున్నాను. ఇప్పుడు నన్ను ఆ రోజు పుట్టానని చెప్పమంటున్నారు, నిజంగా చెబుతున్నానని రాయమంటున్నారు. మా అమ్మ చెప్పింది అబద్ధమని రాయమన్నట్టేగా."

"మీ అమ్మగారికి ఈ ఫారం ఎవరూ చూపించరు."

"నాకు చూపించారుగా."

"అమ్మా, నవంబరు తేదీ నిజమని రాస్తే పాస్‌పోర్టు తప్పని రాసినట్టు. రేపు వాళ్ళు అడిగితే ఏం చెప్తాం?" అన్నాడు భానుప్రసాద్.

"నవంబరు రాయమనట్లేదు నేను. జులైలో పుట్టానని రాయనంటున్నాను."

"రెండూ రాయకపోతే ఎప్పుడు పుట్టినట్టే నువ్వు?" అన్నాడు జనార్దనరావు.

ప్రింట్ టేబుల్ మీదే ఉండిపోయింది.

మర్నాడు భానుప్రసాద్ వీసా ఏజెంటుకు ఫోన్ చేశాడు. ఏజెంటు అయిదు నిమిషాలు మాట్లాడాడు. అడగనిది రాయొద్దు, అడిగినదానికి అబద్ధం రాయొద్దు అన్నాడు. రెండిట్లో ఏది ముఖ్యమని భానుప్రసాద్ అడిగాడు. రెండూ అన్నాడు.

ఆగస్టు 9, శనివారం. దగ్గర్లోని లైబ్రరీలో వారానికో రోజు జస్టిస్ ఆఫ్ ది పీస్ కూర్చుంటారు. ప్రమాణ పత్రాలకు ఉచితంగా సాక్షి సంతకం పెట్టే పౌరులు వీళ్ళు. ఆ రోజు కూర్చున్నది మార్గరెట్ అనే ఆవిడ, డెబ్బై పైన ఉంటాయి. ముందు నలుగురు ఉన్నారు. 10:50కి వీళ్ళ వంతు వచ్చింది. కారు నుంచి టేబుల్ దాకా రావడానికి రత్నకుమారి రెండుసార్లు ఆగింది. ఇంటి దగ్గర ఏమీ తేలలేదు. అదే ప్రింట్ తెచ్చారు.

శ్రీలేఖ సంతకం పెట్టింది. తర్వాత మార్గరెట్ రత్నకుమారి వైపు తిరిగింది. చదివారా అని అడిగింది. చదివానంది. ఇందులో రాసినదంతా నిజమేనా అని అడిగింది.

"రెండో పాయింటు కాదు," అంది రత్నకుమారి ఇంగ్లీషులో.

"అమ్మా," అన్నాడు భానుప్రసాద్.

మార్గరెట్ పెన్ను కింద పెట్టింది. అయితే సంతకం పెట్టకండి, అంది. మీరు ఏం రాశారన్నది నేను తేల్చను, మీరే రాశారని మాత్రమే చూస్తాను, కానీ నిజం కాదని నా ముందు చెప్పాక చూడలేను. ఏది నిజమో అది రాసుకుని రండి.

వెనక ఇద్దరు వరసలో ఉన్నారు. జనార్దనరావు వాళ్ళకు దారి ఇవ్వబోయాడు. రత్నకుమారి కుర్చీలోంచి లేవలేదు.

"పాస్‌పోర్టు ఇలా ఇవ్వండి," అంది భర్తతో.

పాస్‌పోర్టు తెరిచి తన ఫొటో ఉన్న పేజీ చూసింది. టేబుల్ మీద పెన్ను తీసుకుంది. రెండో పాయింటు కొట్టేసింది. దాని పైన, టీచర్లు బోర్డు మీద రాసేలా విడివిడి అక్షరాలతో, నా పాస్‌పోర్టులో ఉన్న పుట్టిన తేదీ 1957 జులై 1 అని ఇంగ్లీషులో రాసింది. కాగితం తిప్పి మార్గరెట్ ముందు పెట్టింది.

"ఇది నిజం," అంది.

మార్గరెట్ పాస్‌పోర్టు చూసింది, కాగితం చూసింది. దిద్దిన చోట పక్కన ఇద్దరూ పొడి అక్షరాలు వేయాలంది. వేశారు. కింద సంతకాలు పెట్టారు. అసలు తేదీ తెలియక కాగితాల్లో జనవరి ఒకటి వేయించుకున్నవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు, జులై ఒకటి మీరే మొదలు, అంది మార్గరెట్.

"ఇంకా నలుగురున్నారు మా పార్కులో," అంది రత్నకుమారి.

కారులో జనార్దనరావు వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"పాస్‌పోర్టులో ఉన్న తేదీ అని రాస్తే, మరి ఒంటి మీద ఉన్న తేదీ ఏదని అడగరా వాళ్ళు?"

"అడిగితే అప్పుడు చెప్తాను."

"ఏమని?"

"గ్రహణం అని."

"అంటే ఇంకో ఏడాది ఆ మంచం మీదే ఉంటావన్నమాట."

రత్నకుమారి బెల్టు పెట్టుకుంది.

ఆగస్టు 12న రెండు డిక్లరేషన్లూ పాత కంపెనీకి పంపారు. పదిహేను రోజులు కబురు లేదు. ఆగస్టు 27న ఈమెయిల్ వచ్చింది. పాస్‌పోర్టు కాపీని ఎవరైనా ధ్రువీకరించి పంపాలని ఉంది. డిక్లరేషన్‌లో దిద్దిన వాక్యం గురించి ఏమీ లేదు. దాన్ని వాళ్ళు చదివారో లేదో తెలియదు. ఇక్కడ ఫార్మసిస్టు సంతకం చెల్లుతుంది కాబట్టి మందుల షాపులో కాపీ మీద సంతకం పెట్టించి శ్రీలేఖ అదే రోజు పంపింది. జనార్దనరావు నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, ప్రభుత్వ ఆసుపత్రి అని పైన రాసి, కింద ఖాళీగా వదిలాడు. సర్జన్ ఆఫీసు నుంచి అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది. బీమా ఖాయమైందని సెప్టెంబరు 9 లోపల తెలియకపోతే 16వ తేదీ వేరేవాళ్ళకు ఇస్తామంది.

ఆ వారం సుబ్బరాజు ఇంటికి వచ్చాడు. పూతరేకుల డబ్బా తెచ్చాడు.

"ఎలా ఉన్నారండి అమ్మగారు? ఇద్దరూనూ?"

"ఒకావిడ బాగానే ఉంది," అంది రత్నకుమారి. "మోకాలు ఉన్నావిడే కూర్చుంది."

సెప్టెంబరు 4, గురువారం మధ్యాహ్నం 3:15కి సవరించిన సర్టిఫికెట్ వచ్చింది. ఈసారి కాపీ ఇంటికి కూడా పంపారు. పుట్టిన తేదీ 1957 జులై 1 అని ఉంది. పాలసీ మొదలైన తేదీ 2023 మార్చి 11. కీలు మార్పిడి నిరీక్షణ పూర్తయింది. భానుప్రసాద్ పది నిమిషాల్లో దాన్ని కొత్త కంపెనీకి పంపాడు.

సెప్టెంబరు 5, శుక్రవారం 4:31కి కొత్త కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. గడువుకు ఒక రోజు ఉంది. పాలసీదారుతోనే మాట్లాడాలన్నాడు ఫోన్ చేసిన అతను. గుర్తింపు కోసం పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ చెప్పమన్నాడు.

జనార్దనరావు నోట్‌బుక్ వెనక అట్ట మీద 1-7-57 అని అరచెయ్యంత అక్షరాలతో రాసి భార్య ముందు పట్టుకున్నాడు. రత్నకుమారి పేరు చెప్పింది. చిరునామా చెప్పింది.

"డేట్ ఆఫ్ బర్త్ ఇన్ మై పాస్‌పోర్ట్, ఫస్ట్ జులై, నైన్‌టీన్ ఫిఫ్టీ సెవెన్," అంది.

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది. జనార్దనరావు అట్టను ఇంకా దగ్గరికి జరిపాడు.

"థాంక్యూ," అన్నాడు అతను. కీబోర్డు మళ్ళీ మొదలైంది. పాలసీ జులై 8 నుంచి అమల్లో ఉన్నట్టు నమోదు చేశాననీ, నిరీక్షణ కాలం మిగిలి లేదనీ, ఉత్తరం సోమవారం వస్తుందనీ చెప్పాడు. ఇంకేమైనా సాయం కావాలా అని అడిగాడు.

జనార్దనరావు ఫోన్ దగ్గరికి వంగాడు. "ఆ కాన్పు తీసేయడానికి వీలవుతుందా?" అని అడిగాడు.

వీలు కాదన్నాడు.

ఉత్తరం సెప్టెంబరు 8, సోమవారం వచ్చింది. సర్జన్ ఆఫీసుకు ఆ రోజే పంపారు. 16వ తేదీ ఉంచారు.

సెప్టెంబరు 16, మంగళవారం ఉదయం 6:30కి రత్నకుమారి ఆసుపత్రిలో చేరింది. జనార్దనరావు, శ్రీలేఖ వెంట వెళ్ళారు. రిసెప్షన్‌లో పుట్టిన తేదీ అడిగారు. వార్డులో నర్సు అడిగి, ముంజేతికి ప్లాస్టిక్ పట్టీ వేసింది. పట్టీ మీద పేరు కింద 01/07/1957 అని ఉంది. మత్తు డాక్టరు పట్టీ చూస్తూ మూడోసారి అడిగాడు. ముగ్గురికీ ఆమె ఒకటే చెప్పింది. పాస్‌పోర్టులో ఉన్నది 1957 జులై 1.

మత్తు డాక్టరు కాగితం మీద టిక్కు పెట్టాడు. సర్జన్ వచ్చి పెన్నుతో ఎడమ తొడ మీద బాణం గుర్తు వేశాడు. 7:50కి ఆమెను లోపలికి తీసుకెళ్ళారు.

9:35కి సర్జన్ బయటికి వచ్చి, ఆపరేషన్ అయిందని జనార్దనరావుకు చెప్పాడు.